నలుపు కలపడానికి నాలుగు నెలలు

"నలుపు కూడా కలపాలా? డబ్బా మూత తీస్తే లోపల ఉండేది నలుపేగా!"

మా ఆవిడ ఈ మాట అనేటప్పటికి నేను వరండాలో కూర్చుని నా పడవ బొమ్మకి పదకొండో నలుపు కలుపుతున్నాను. పది పుల్లల మీద పది నలుపులు పూసి, గోడకి ఆనించి వరసగా ఆరబెట్టాను. ఆవిడ కళ్లకి పదీ ఒకటే. మధ్యాహ్నం నీడలో నా కళ్లకీ ఒకటే, దాచడం ఎందుకు. నాలుగింటికి ఎండ వాలుగా పడ్డాక చూస్తే ఒకటి నీలంగా, ఒకటి గోధుమగా, ఒకటి బొగ్గులా, ఒకటి చిన్నప్పుడు బడికి పట్టుకెళ్లిన రాతి పలకలా కనబడ్డాయి. ఆవిడని పిలిచి చూపించాను. "అవును, తేడా ఉంది" అని ఒప్పుకుని, "అయితే ఏంటట?" అని లోపలికి వెళ్లిపోయింది.

అయితే ఏంటో చెప్పడానికే ఈ పోస్టు.

నాది విజయవాడ సత్యనారాయణపురంలో చిన్న మెడికల్ షాపు. ఇల్లు సింగ్‌నగర్. పడవ బొమ్మలు చేయడం పదేళ్ల కిందట మొదలైన పిచ్చి. ఇప్పుడు చేస్తున్నది హార్బరులో పెద్ద ఓడల్ని లాగే టగ్. స్కేలు 1:24. అసలు టగ్ 30 మీటర్లుంటే నాది మీటరుంపావు. అసలుది నీళ్లలో 400 టన్నులు తూగితే నాది ఎంత తూగాలి? 24వ వంతు అనుకుని నేను మొదట్లో బొక్కబోర్లా పడ్డాను. పొడవు, వెడల్పు, లోతు మూడూ 24వ వంతుకి తగ్గుతాయి కాబట్టి 24ని మూడుసార్లు గుణించి భాగించాలి, అంటే 13,824తో. లెక్క తేలితే 29 కిలోలు. అంత బరువు పెడితేనే అది నీళ్లలో టగ్‌లా బరువుగా, తీరుబడిగా కదులుతుంది. లేకపోతే కాగితం పడవే.

ఆ 29 కిలోల లెక్క మా ఇంట్లో ఒకసారి ప్రాణం మీదకి వచ్చినప్పుడు పనికొచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజు. తెల్లారేసరికి వాకిట్లో నీళ్లు, కాఫీ తాగేలోపు హాల్లో నీళ్లు, చూస్తుండగానే మోకాళ్లు దాటాయి. టగ్ ఒళ్లు, అంటే పడవ తొట్టె, అప్పటికి ప్రైమరు (అడుగు పూత) దాకా వచ్చి హాల్లో స్టాండు మీద ఉంది. అది మెల్లగా లేచి స్టాండు వదిలి తేలింది. లోపల ఇంజనూ లేదు, బ్యాటరీ లేదు, కాబట్టి రెండు వేళ్ల లోతు కూడా మునగలేదు. నేను నోరు తెరుచుకుని దాని వాలు చూస్తున్నాను. మా ఆవిడ మాత్రం ఇంటి దస్తావేజులు, అమ్మాయి సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, దేవుడి పటం, ఆవకాయ జాడీ తెచ్చి అందులో పెట్టి, మెట్ల దాకా తోసుకుంటూ తీసుకెళ్లింది. పదేళ్లుగా "ఆ దిక్కుమాలిన పడవ" అని తిట్టిన మనిషి. డాబా మీదకి చేరాక "ఇంకో పదికిలోలు మోసేదే" అంది. ఆ తర్వాత ఎప్పుడూ దాన్ని దిక్కుమాలిన పడవ అనలేదు. రంగుల ఖర్చు గురించి అడగడం మాత్రం మానలేదు.

నీళ్లు తీశాక తేలిన విషయం ఇంకొకటి. కింద అలమరాలో నా రంగు డబ్బాలు ముప్పైకి పైగా ఉండేవి. డబ్బాలు నిలబడ్డాయి, లేబుళ్లు పోయాయి. చీటీలు, స్కెచ్ పెన్నుతో రాసుకున్న నంబర్లు, ఆరేళ్ల మిక్సింగ్ నోట్‌బుక్, అన్నీ బురద. వాటర్‌బేస్డ్ రంగుల్లో నీళ్లు దిగి కుళ్లిన వాసన. ఎనామిల్ (ఆయిల్ పెయింటు) డబ్బాలు మూతలు తుప్పు పట్టి బిగుసుకున్నాయి గానీ, స్క్రూడ్రైవరుతో ఎగదీస్తే లోపల మీగడ కట్టిన రంగు క్షేమం. మీగడ తీసేసి, పాత పంచె గుడ్డలో వడగట్టుకుంటే కొత్త రంగే. కానీ ఏది ఏమిటి? ఏ తెలుపులో ఎంత నలుపు కలిపాను? నాకు తెలిసినదంతా నోట్‌బుక్‌కి తెలుసు, నాకు తెలియదు అని అప్పుడు అర్థమైంది.

కాబట్టి మొదటి నుంచి మొదలు.

చిన్న మోడళ్లు చేసేవాళ్లకి ఈ తలనొప్పి తక్కువ. వాళ్లకి హంబ్రోల్ లాంటి కంపెనీల చిట్టి డబ్బాలున్నాయి, ఒక్కోటి 14 మిల్లీలీటర్లు. ఫలానా నౌకాదళం, ఫలానా సంవత్సరం, ఫలానా బూడిద రంగు అని నంబరుతో సహా వస్తాయి. అరచేతిలో పట్టే పడవకి ఒక డబ్బా మిగిలిపోతుంది. మీటరుంపావు టగ్‌కి ఒళ్లే ముప్పావు చదరపు మీటరు దాకా ఉంటుంది. స్ప్రేలో గాలికి పోయేది కూడా కలుపుకుంటే ఒక్క కోటుకి వంద మిల్లీలీటర్లు కావాలి. మూడు కోట్లు. అంటే ఒళ్లుకే ఇరవైకి పైగా చిట్టి డబ్బాలు, అదీ బయట నుంచి తెప్పించుకుంటే. ఆ డబ్బుతో మా షాపుకి ఫ్రిజ్ వస్తుంది. అందుకే పెద్ద పడవలు చేసేవాడు ఎప్పటికైనా తలుపులకీ, గేట్లకీ, లారీలకీ వేసే రంగు దగ్గరికే రావాలి.

గవర్నరుపేటలో పెయింటు షాపుకి వెళ్తే షేడ్ కార్డు ఇస్తారు. ఎనామిల్ కార్డు ఎవరైనా ఒకసారి తీరిగ్గా చదవాలి, భలే ఉంటుంది. పి.ఓ. రెడ్ అంటే పోస్టాఫీసు ఎరుపు. ఆక్స్‌ఫర్డ్ బ్లూ. బస్ గ్రీన్. ఫిరోజా. స్మోక్ గ్రే. ఈ పేర్లలో కొన్నిటికి వెనక ఐఎస్ 5 అని భారత ప్రమాణాల సంస్థ పట్టిక ఉంది. అందులో ప్రతి రంగుకీ ఓ నంబరు. సిగ్నల్ రెడ్ 537, పోస్టాఫీస్ రెడ్ 538, డార్క్ అడ్మిరాల్టీ గ్రే 632, లైట్ అడ్మిరాల్టీ గ్రే 697. ఓడల రంగులు మన ప్రభుత్వ పట్టికలోనే ఉన్నాయని తెలిసిన రోజు నాకు పండగే. కౌంటరు మీద కుర్రాడిని 632 ఉందా అని అడిగాను. "అంకుల్, అది ఫోన్ నంబరా?" అన్నాడు. స్మోక్ గ్రే లీటరు, నలుపు లీటరు, తెలుపు లీటరు, రెడ్ ఆక్సైడ్ అర లీటరు, స్టెయినర్లు (చుక్కలుగా వేసి రంగు మార్చే చిక్కటి రంగులు) నాలుగు చిన్న సీసాలు పట్టుకుని వచ్చాను. ఐదారు రంగులుంటే మిగతావన్నీ పుట్టించుకోవచ్చని నా ధైర్యం.

ఇక్కడ ఆటోనగర్ మేస్త్రీ గురించి చెప్పాలి. లారీ బాడీలకి రంగులేసే మనిషి, అరవై దాటాయి. పేరు రాస్తే నన్ను బతకనివ్వడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక టిప్పరు తలుపు టచప్ చేస్తున్నాడు. పాత రంగుకి కొత్త రంగు కలిసిపోవాలి కదా, డబ్బాలో కర్ర తిప్పుతూ చుక్కలు వేస్తున్నాడు. తూకం లేదు, కొలత లేదు. నేను బీపీ మాత్రలు ఇస్తుంటాను కాబట్టి ఆయనకి నేను డాక్టరు గారు.

"డాక్టరు గారూ, లేతదాన్లో ముదురు పొయ్యాలండీ. ముదురుదాన్లో లేతది పోశారంటే ఇల్లు అమ్ముకోవాలి."

నిజమే. తెలుపులో నాలుగు చుక్కల నలుపు వేస్తే రంగు మారిపోతుంది. నలుపులో నాలుగు చుక్కల తెలుపు వేస్తే మింగేసి ఊరుకుంటుంది. గ్లాసు పోసినా ఇంకా నలుపే, ఈలోపు మీ దగ్గర పడవకి కావలసినదానికి నాలుగింతల రంగు తయారవుతుంది. నేను కలపాలనుకున్నదే నలుపు. ఎలా మరి? ఆయన చెప్పిన ఉపాయం: తెలుపు జోలికి పోకు, తయారుగా ఉన్న బూడిద రంగు తీసుకుని దాన్లోకి నలుపు పోసుకుంటూ వెళ్లు.

అసలు డబ్బాలో నలుపు ఎందుకు పనికిరాదు? విశాఖలో మా అమ్మాయి ఉంటుంది. వెళ్లినప్పుడల్లా ఫిషింగ్ హార్బరు వైపు వెళ్లి వచ్చేపోయే టగ్‌లని చూస్తాను. నూరు మీటర్ల అవతల నల్ల టగ్ వెళ్తుంటే ఫోటో తీసి, ఆ నలుపు పక్కన నా చెప్పు నలుపు పెట్టి చూడండి. టగ్ నలుపు కాదు, ముదురు బూడిద. మధ్యలో ఉన్న గాలి, ఉప్పు తేమ, దుమ్ము కలిసి వెలుతురుని చెదరగొట్టి ముదురు రంగుల మీద పల్చటి తెర వేస్తాయి. నా టగ్‌ని నేను ఐదు మీటర్ల నుంచి చూస్తాను. 1:24లో ఐదు మీటర్లంటే అసలు లెక్కలో 120 మీటర్లు. అంత దూరపు గాలిని ఈ ఐదు మీటర్లలో ఎక్కడి నుంచి తెస్తాం? రంగులోనే కలపాలి. మోడళ్లు చేసేవాళ్లలో దీనికో మోటు లెక్క ఉంది: 1:72 బొమ్మకి 15 శాతం, 1:48కి 10, 1:32కి 7 శాతం తెలుపు కలిపి రంగు లేతపరచాలని. ఆ వరసలో నా 1:24కి ఐదు చిల్లర. డబ్బా నలుపు ఉన్నదున్నట్టు వేస్తే టగ్ దూరంగా ఉన్నట్టు ఉండదు, దగ్గరగా ఉన్న ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. అంతే తేడా. ఆ తేడా కోసమే నాలుగు నెలలు.

నా పద్ధతి షాపులోంచే వచ్చింది. 10, 20 మిల్లీలీటర్ల సిరంజిలు. గొంతు చూడటానికి డాక్టర్లు వాడే చెక్క పుల్లలు, డబ్బాకి వంద వస్తాయి. ప్రతి పుల్లకీ ప్రైమరు వేసి, రెండు కోట్ల రంగు పూసి, వెనక నంబరు. వరద తర్వాత నంబరు పెన్నుతో రాయడం లేదు, మేకుతో గీస్తున్నాను. డబ్బాలకి కూడా అడుగున మేకు గీతే.

మేస్త్రీ తెలుపు వద్దన్నా, మొదట ఎనిమిది పాళ్ల తెలుపు, నూరు పాళ్ల నలుపు అని సిరంజితో కొలిచి కలిపాను. నీలం తిరిగింది, పలక రంగు. నలుపు తెలుపు రెండే కలిపితే అంతే, చల్లగా నీలి వైపు మొగ్గుతుంది. కొంచెం రెడ్ ఆక్సైడ్ వేశాను, కాఫీ డికాషన్‌లోకి వెళ్లింది. పసుపు స్టెయినరు వేశాను, నలుపులో పసుపు పడితే పచ్చబడుతుందని తెలిసి కూడా వేశాను, పాచి పట్టిన తూములా తయారైంది. ఇంకో తప్పు మధ్యలో దొరికింది. ఒకరోజు సిరంజి బదులు బంగారం తూచే చిన్న కాటా మీద అవే పాళ్లు గ్రాముల్లో తూచాను. రంగు ముందుకంటే నల్లగా వచ్చింది. కొంతసేపు బుర్ర గోక్కున్నాక వెలిగింది: తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువు, నలుపులో ఉండే మసి తేలిక. ఎనిమిది గ్రాముల తెలుపు ఎనిమిది మిల్లీలీటర్లు ఉండదు, తక్కువే ఉంటుంది. మందులమ్మేవాడికి ఈ మాత్రం తట్టొద్దూ! అప్పట్నుంచి అన్నీ కాటా మీదే, సిరంజి థిన్నరుకి మాత్రమే.

ఏడో పుల్ల బాగా వచ్చిందనుకుని ఓ చిన్న సీసాలో వంద గ్రాములు కలిపి మేస్త్రీకి చూపించాను. ఆయన సీసా మూత తీసి, పక్కనున్న రేకు ముక్క మీద చెంచాడు పోసి, ఏటవాలుగా పట్టుకుని జార్చాడు. బీడీ ముట్టించలేదు, థిన్నరు దగ్గర ఎప్పుడూ ముట్టించడు, చెవి మీద పెట్టుకున్నాడు. రెండు నిమిషాలు ఆగాడు. రంగు కొంచెం చిక్కబడ్డాక బొటనవేలుతో ఒకచోట గుండ్రంగా రుద్దాడు, సాన మీద గంధం తీసినట్టు. వేలు తీస్తే రుద్దిన చోట రూపాయి బిళ్లంత మచ్చ, చుట్టూ ఉన్నదానికంటే ఒక పిసరు తెల్లగా.

"కలవలేదండీ ఇది. మసి పైకి తేలిపోతుంది. బ్రష్షుతో వేస్తే ఓ రంగు, గన్నుతో కొడితే ఓ రంగు వస్తది మీకు."

నేను చెంచాతో తిప్పి కలిసిపోయిందనుకున్నాను. లోపల తెలుపు రేణువులు ఒకచోట, నలుపు రేణువులు ఒకచోట గుంపులు కట్టి, ఆరేటప్పుడు తేలికది పైకి వస్తుంది. పుల్ల మీద బ్రష్షుతో రుద్ది రుద్ది పూశాను కాబట్టి బయటపడలేదు. ఆ సీసాలో రెండు సైకిల్ బాల్ బేరింగులు వేసి పావుగంట ఊపమన్నాడు. ఊపాను. మళ్లీ రుద్దితే మచ్చ లేదు, రంగు మాత్రం ముందుకంటే లేతగా ఉంది. అంటే అప్పటిదాకా చేసిన ఏడు పుల్లలూ దండగ. ఎనిమిది నుంచి మళ్లీ లెక్క.

ఈ మధ్యలో ఒక ఘోరం. తప్పు పూర్తిగా నాదే. కేబిన్ పైభాగానికి ఎనామిల్ తెలుపు వేసి వారం ఆరనిచ్చాను. దాని మీద సన్నటి నల్ల అంచులు త్వరగా అయిపోవాలని, పది నిమిషాల్లో ఆరిపోయే ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) రంగు కొట్టాను, ఎన్‌సి థిన్నరుతో. ఐదు నిమిషాల్లో తెలుపంతా వేడి పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. ఎన్‌సి థిన్నరు మహా ఘాటు, కింద వారం రోజుల పసి ఎనామిల్ దాన్ని తట్టుకోలేదు. ఎన్‌సి మీద ఎనామిల్ వేసుకోవచ్చు, ఎనామిల్ మీద ఎన్‌సి కూడదు. ఇది ఆటోనగర్‌లో రంగులు తుడిచే కుర్రాడికి కూడా తెలుసు, పుస్తకాలు చదివే నాకు తెలియలేదు. కేబిన్ మొత్తం గీకి, 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి తోమి, మళ్లీ ప్రైమరు నుంచి. కేబిన్ చెక్క కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి, దూదిలా తేలిక. గట్టిగా తోమితే అంచులు గుండ్రంగా అయిపోతాయి. కొండపల్లిలో బొమ్మ భాగాలు అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. అంత చక్కటి పదార్థం ఇంకోటి లేదు, కాకపోతే నీళ్లలో తేలాల్సిన బొమ్మకి పనికిరాదు. నేను మక్కు తరహాలోనే, ఎపాక్సీ జిగురులో చెక్కపొడి కలిపి వాడతాను.

లారీలకి వేసే పీయూ (పాలీయురేథేన్) రంగు వాడొచ్చుగా, అద్దంలా ఉంటుంది అని చాలామంది అంటారు. ఉంటుంది. అద్దంలా ఉండటమే నాకు అక్కర్లేదు, అంత మెరిస్తే స్కేలు చెడిపోతుంది. రెండోది, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, స్ప్రే చేసేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం పట్టుకుంటుంది. మా షాపులో ఎన్95 మాస్కులు పెట్టెలకొద్దీ ఉన్నాయి. అవి దుమ్ముని ఆపుతాయి, ఆవిరిని ఆపవు. ఇంట్లో వరండాలో ఆ పని పెట్టుకోను. ఎనామిల్ కొట్టినా ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జి మాస్కే పెట్టుకుంటాను. మేస్త్రీ ముక్కుకి తువ్వాలు కట్టుకుని నలభై ఏళ్లు లాగాడు. ఇప్పుడు నా దగ్గరే ఇన్‌హేలరు కొంటాడు.

మిగతా రంగులు అంత ఏడిపించలేదు. అడుగు ఎరుపు తేలికే. ఓడల అడుగు ఎర్రగా ఎందుకుంటుందని అడిగేవాళ్లున్నారు: నత్తలు, బార్నకిల్స్ పట్టకుండా రాగి ఆక్సైడు కలిపిన రంగు పూసేవారు, దాని సహజమైన రంగే ఆ ఇటుక ఎరుపు. ఇప్పుడు ఏ రంగులో అయినా దొరుకుతుంది, అలవాటు పోలేదు. లారీ ఛాసిస్‌కి కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు సరిగ్గా అదే అనిపిస్తుంది గానీ నీళ్లలో తడిస్తే చాక్లెట్ అయిపోతుంది. రెడ్ ఆక్సైడ్ ఎనామిల్‌లో పదో వంతు పి.ఓ. రెడ్ వేస్తే నిలబడింది. ఎరుపుని లేతపరచడానికి తెలుపు వేయకండి, రోజా పువ్వవుతుంది. ఆరంజి చుక్క వేయండి. తెలుపు కూడా తిన్నగా డబ్బాలోంచి వేయకూడదు. మన ఎండకి కళ్లు చెదురుతాయి. నూరు గ్రాములకి ఒకటిన్నర గ్రాము స్మోక్ గ్రే, అర గ్రాము పసుపు ఆక్సైడ్. పక్కన పుల్ల లేకపోతే ఎవరూ దాన్ని తెలుపు కాదనరు.

స్ప్రే సంగతి ఒక ముక్క. మన ఊళ్లో మే నెలలో మధ్యాహ్నం కొడితే రంగు గన్ను నుంచి బయలుదేరి పడవ చేరేలోపే గాలిలో ఆరిపోయి, పొడిలా పడుతుంది. చెయ్యి పెడితే ఉప్పుకాగితం. వర్షాకాలంలో ఎన్‌సి కొడితే ఇంకో గొడవ: థిన్నరు ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలో తేమ దాని మీద చేరుతుంది, నలుపు తెల్లగా బూజు పట్టినట్టవుతుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా, మంచు ఆరాక, ఎండ ముదరకముందు. ఆ రెండు గంటలే. షాపు ఎవరు తీస్తారు అంటే మా ఆవిడే తీసింది.

పదమూడో పుల్ల నాకు నచ్చింది. స్మోక్ గ్రే 18, నలుపు 80, రెడ్ ఆక్సైడ్ 2, అన్నీ గ్రాముల్లో. ట్యూబ్‌లైటు కింద చూశాను, బల్బు కింద చూశాను, విశాఖ ఫోటో పక్కన పెట్టి చూశాను. అదే రంగు. టగ్‌కి మొదటి కోటు కొట్టేశాను కూడా. అప్పుడు నందివాడ దగ్గర మా తోడల్లుడి చేపల చెరువులో దాన్ని దింపాం. కృష్ణలో దింపనా అంటే, బ్యారేజీ పైన నీళ్లు నిలకడగానే ఉంటాయి గానీ పున్నమి ఘాట్‌లో జనం, లాంచీల అలలు. కాలువల్లో ప్రవాహం. చెరువే నయం.

మీటరుంపావు టగ్, లోపల బ్యాటరీ, సీసం దిమ్మెలు, మొత్తం 29 కిలోలు. ఇద్దరం మోసి గట్టు మీద నుంచి దింపాం. నీటిమట్టం గీత దాకా సరిగ్గా మునిగింది. రిమోట్ నొక్కితే నెమ్మదిగా కదిలింది. పది మీటర్లు పోయాక మా తోడల్లుడు అన్నాడు: "అన్నయ్యా, నలుపన్నావు, వంకాయ రంగేశావేంటి?"

చూస్తే నిజంగానే వంకాయ. వరండాలో నలుపే, చెరువులో వంకాయ. రంగు మారలేదు, నేపథ్యం మారింది. చేపల చెరువు నీళ్లు తెలుసుగా, చిక్కటి ఆకుపచ్చ. పచ్చటి దాని మధ్యలో బూడిద రంగు పెడితే కన్ను దానికి ఎర్ర జీర అంటగడుతుంది. నేను రెడ్ ఆక్సైడ్ కూడా వేసి ఉన్నాను, ఇంకేముంది. పుల్లల్ని గోడకి ఆనించి చూసుకున్నాను గానీ, ఒక్కదాన్నీ నీళ్ల పక్కన పెట్టి చూడలేదు.

మర్నాడు ఆదివారం పుల్లల కట్ట, కాటా, ఆరు సీసాలు పట్టుకుని చెరువు గట్టు మీదే కూర్చున్నాను. మేత చల్లే కుర్రాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. చెరువులో మందు కలపడానికి వచ్చాననుకున్నారు, మెడికల్ షాపాయన అని ఎవరో చెప్పినట్టున్నారు. రెడ్ ఆక్సైడ్ తీసేశాను. బస్ గ్రీన్ చుక్కలుగా వేయడం మొదలుపెట్టాను. నూరు గ్రాములకి ఒక గ్రాము వేస్తే ఇంకా వంకాయ. ఒకటిన్నర దగ్గర వంకాయ పోయింది. రెండుకి నాచు. మళ్లీ ఒకటిన్నరకి వచ్చి ఆగాను. ఆ పుల్లని వెదురు కర్రకి కట్టి నీళ్ల మీదకి చాచి, గట్టు వెంట పదడుగులు వెనక్కి వెళ్లి చూశాను. చూస్తున్నది పుల్లేనని తెలిసినా, హార్బరులో టగ్‌లా నల్లగా ఉంది. ఇంటికి తెచ్చి గోడకి ఆనిస్తే ముసురు పట్టిన ఆకు రంగులా ఉంది, ఏం బాగోలేదు. బాగోకపోయినా అదే వేశాను. టగ్ ఉండేది గోడ మీద కాదు కదా.

ఫిబ్రవరి చివర్లో రెండో కోటు, మార్చి మొదటి వారంలో మూడోది. మేస్త్రీ వచ్చి చూశాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వేలుతో గీత గీసినట్టు ఒళ్లు వెంట గాలిలో చెయ్యి పోనిచ్చాడు, ముట్టుకోలేదు. "నలుపు బాగా కుదిరిందండీ" అన్నాడు. బస్ గ్రీన్ వేశానంటే నమ్మలేదు. పొగ గొట్టం పసుపు మాత్రం నచ్చలేదట, స్కూలు బస్సులా ఉందన్నాడు. నాకూ నచ్చలేదు. దాని పుల్లలు ఇప్పటికి నాలుగయ్యాయి.

నలుపు కలిపింది మాత్రం కొంచెం ఎక్కువే అయింది. అర లీటరు మిగిలితే, టచప్‌కి ఉంటుందని సీసాలో పోసి, అడుగున మేకుతో 17 అని గీసి, ఈసారి వరదొచ్చినా అందకుండా అటక మీద పెట్టాను. పోయిన నెల ముందువైపు గీత పడితే టచప్ చేద్దామని తీస్తే సీసా ఖాళీ. ఏమైందని అడిగితే మా ఆవిడ వీధి గేటు చూపించింది. వరద నీళ్లకి తుప్పు పట్టిన గేటుకి రెండు కోట్లు ఎక్కించేసింది.

"నలుపేగా, గేటుకి బాగానే ఉంది" అంది.

పొద్దున ఎండలో చూశాను. పక్కింటి వేప చెట్టు నీడ దాని మీద పడుతోంది. ఆకుల పచ్చ పక్కన నిజంగానే నల్లగా ఉంది.